స్టూడియో ప్రదర్శనశాలయు వాహినీ కథయు

చెన్నపట్నమున వడపళని ప్రాంతమందు, ఆర్కాటు రోడ్డు మీద, ఏ.వి.ఎం. స్టూడియో ఆవరణలో 2023వ సంవత్సరము మే నెలలో ఒక ప్రదర్శనశాల తెఱవబడినది. తమిళనాడు ముఖ్యమంత్రి శ్రీ ఎం.కె. స్టాలిన్ దానిని ప్రారంభించిరి. పాతకాలపు మోటారుకార్లు, మోటారు సైకిళ్ళు, కెమెరాలు, చిత్రనిర్మాణమున వాడిన యంత్రములు అందు నిలుపబడినవి. అదే రోడ్డు మీద, దానికి సమీపముననే, ఒకప్పుడు వాహినీ స్టూడియో ఉండెడిది. నేడా స్థలమున వైద్యశాల కలదు. 2013లో వెలసిన వర్తకసముదాయము కలదు. స్టూడియో లేదు, దాని ప్రదర్శనశాలయు లేదు. ఈ రెండు స్థలములను ప్రక్కప్రక్క నుంచి చూచినప్పుడు తెలుగు పరిశోధకునకు కలుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. వానిని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వాహినితో కడప జిల్లాకు గల చుట్టరికము తెలిసినదే యైనను ఒకమాఱు స్మరించుట మంచిది. బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, అనగా బి.ఎన్. రెడ్డి, 1908లో పులివెందుల ప్రాంతమందలి కొత్తపల్లెలో జన్మించిరి. వారి తమ్ముడు నాగిరెడ్డి 1912లో ఈ జిల్లాలోనిదే యైన పొట్టిపాడున జన్మించిరి. కె.వి. రెడ్డియు, సంస్థకు ధనబలము సమకూర్చిన మూలా నారాయణస్వామియు తాడిపత్రివారు. జమ్మలమడుగువారికి తాడిపత్రి పొరుగూరు. నడుమ నున్నది జిల్లా సరిహద్దు మాత్రమే. వీరు 'వందేమాతరం' చిత్రమును 1939లోను, 'సుమంగళి'ని 1940లోను, 'దేవత'ను 1941లోను, పిమ్మట 'భక్త పోతన'ను వెలువరించిరి. అప్పటికి వీరికి సొంత స్టూడియో లేదు. వడపళనిలో వాహినీ స్టూడియో 1948లో ఏర్పడినది. కొలదికాలమునకే నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన విజయా సంస్థ దానితో కలియుటచే విజయా-వాహిని యను జంటపేరు వ్యాప్తికి వచ్చినది. 1951లో 'పాతాళభైరవి', 'మల్లీశ్వరి'. 1955లో 'మిస్సమ్మ', 'బంగారుపాప'. 1957లో 'మాయాబజార్' - ఇవి యన్నియు ఆ రెండు సంస్థల పంటయే. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము 1974వ సంవత్సరమునకు అన్నకును, 1986వ సంవత్సరమునకు తమ్మునకును లభించినది. ఒక కుటుంబమునకు, అందును పల్లెటూరినుండి వచ్చిన కుటుంబమునకు, ఇంత జరిగినది. అది జరిగిన చోట మాత్రము దాని జాడ లేదు.

ప్రదర్శనశాల యనగా పాతవస్తువులు దాచు చోటని లోకము తలచును. ఆ నిర్వచనము కోటలకును జమీందారుల మేడలకును చాలును, స్టూడియోకు చాలదు. మేడలో వస్తువు వాడబడినది. స్టూడియోలో కృతి చేయబడినది. మన శాఖలకు పరిచితమైన మాటలో చెప్పవలెనన్న స్టూడియో ఒక లేఖకశాల. అందు కథ వ్రాయబడినది, దిద్దబడినది, కొట్టివేయబడినది, మరల వ్రాయబడినది. తెఱ మీద మనము చూచునది తుదిప్రతి మాత్రమే. తుదిప్రతి యొక్కటే చేతనున్న పరిష్కర్త ఎంత యిబ్బంది పడునో తాళపత్రములతో పనిచేసినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కావున స్టూడియోలో వెలసిన ప్రదర్శనశాలకు పెట్టవలసిన పరీక్ష ఒక్కటే యని నా యభిప్రాయము: తుదిప్రతికి వెనుకనున్న ప్రతులను అది చూపుచున్నదా? పాఠాంతరములు దొరకునా? ప్రతి చివర లేఖకుడు తన పేరు, ఊరు చెప్పికొను నాలుగు పంక్తులకు సాటియైనది అందేమైన కలదా?

ఈ పరీక్షకు ఏ.వి.ఎం. ప్రదర్శనశాలను నిలిపి చూతము. ముందుగా మెచ్చుకొనవలయును. ఏ.వి. మెయ్యప్పన్ 1945లో స్థాపించి, 1948లో కారైకుడినుండి వడపళనికి తరలించిన సంస్థ తన ఆవరణలో కొంత భాగమును స్మృతికి విడిచినది. స్థాపకుని వంశీయులు తమ సేకరణను పదిమందికి చూపుట ఔదార్యమే. ఈ స్టూడియో తమిళులదే, మనకేమి యనుకొనుటయు పొరపాటు. మెయ్యప్పన్ 1940లో తెలుగున 'భూకైలాస్' తీసిరి. 1950లో 'జీవితం', 1958లో మరల 'భూకైలాస్' ఆ సంస్థనుండియే వచ్చినవి. ఐనను కారు మనకేమి చెప్పగలదు? ఒక చిత్రములో, ఒక దృశ్యములో, ఒక పాత్ర దిగిన కారైనచో అది సాక్ష్యము. కేవలము పాతదియు అందమైనదియు నైనచో అది ఆస్తి. ఆస్తిని చూచి ఆనందింపవచ్చును, దానినుండి చిత్రచరిత్ర నేర్వజాలము. కెమెరా కారుకంటె మేలు. కాని అద్దముల పెట్టెలో నిలిచిన కెమెరా గంటము వంటిది. నన్నయగారి గంటము దొరికినదన్న మనమందఱము సంతసింతుము. దానివలన ఒక్క పద్యమునందలి పాఠమైనను తేలదు.

పూనాలోని ప్రభాత్ ఆవరణ చరిత్ర వేఱు. 1929లో కొల్హాపురమున పుట్టి పిమ్మట పూనాకు చేరిన ప్రభాత్ సంస్థ మూతపడగా, ఆ స్టూడియోలోనే 1960లో ప్రభుత్వము చలనచిత్ర శిక్షణాలయము నెలకొల్పినది. ప్రభాత్ వారి వస్తువులకు అందొక చిన్న ప్రదర్శనశాల కలదు. దానికంటె విలువైనదొకటి కలదు: వి. శాంతారాం మున్నగువారు పనిచేసిన కట్టడములోనే విద్యార్థులు నేటికిని దీపములు వెలిగించి చిత్రములు తీయుచున్నారు. పాత కావ్యమును పెట్టెలో దాచుట యొకటి, బడిలో చదివించుట యొకటి. పూనాలో రెండవది జరిగినది. ఐనను అచ్చటను నష్టము తప్పలేదు. జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో ఆ ఊరిలోనే ఏర్పడినది. 2003లో జరిగిన అగ్నిప్రమాదమున భద్రపఱచిన నైట్రేట్ ఫిల్ములు దగ్ధమైనవి, ప్రభాత్ వారి చిత్రములును అందులో పోయినవి. నైట్రేట్ ఫిల్ము స్వభావము తెలియనివారికి ఒక మాట. దానికి నిప్పంటిన, కాలుటకు కావలసిన ప్రాణవాయువును తననుండియే యిచ్చుకొనును. నీరు చల్లినను ఆఱదు. 1950కి ముందరి మన చిత్రములు చాలవఱకు దానిమీద ముద్రింపబడినవే. తాటియాకునకు చెదలెట్టిదో వీనికి వేడిమి యట్టిది. తెలుగున తొలి మాటలచిత్రమైన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. దాని ప్రతి నేడు లభింపదు. కృతి నశించి పేరు మాత్రము మిగిలిన కావ్యముల పట్టికలో దానినిగూడ చేర్చుకొనవలసినదే.

ముంబయిలో ఫిలిమ్స్ డివిజన్ ఆవరణయందు, గుల్షన్ మహల్ అను పందొమ్మిదవ శతాబ్దపు భవనమునను దాని ప్రక్క క్రొత్త కట్టడమునను, భారతీయ చలనచిత్ర జాతీయ ప్రదర్శనశాల 2019 జనవరి 19వ తేదీన ప్రారంభమైనది. పాత భవనములో చరిత్ర కాలక్రమమున సాగును: మూగచిత్రములు, మాటలచిత్రములు, స్టూడియోల యుగము, యుద్ధకాలము, నవతరంగము. కడపటి విభాగము పేరు 'ప్రాంతీయ చిత్రములు'. ఈ యమరిక నాకు నచ్చదు. కొత్తపల్లెనుండి వెడలిన మనిషి వడపళనిలో స్టూడియో కట్టుట స్టూడియోల యుగమున జరిగినదా, ప్రాంతమున జరిగినదా? హిందీ చిత్రమునకు కాలము, మిగిలినవానికి స్థలము అని పంచినచో, మిగిలినవానికి చరిత్రయే లేనట్లగును. సంస్కృతమునకు యుగవిభాగము చేసి దేశభాషలన్నిటిని అనుబంధమున చేర్చిన సాహిత్యచరిత్రలను మనము ఇదివఱకే చూచియున్నాము. వానిని మన పెద్దలు ఖండించిరి. గోడమీద వ్రాసినంతమాత్రమున అదే తప్పు ఒప్పు కానేరదు.

ఇక వాహినీ సంగతి. అందేమి మిగిలియుండిన మనకు ఉపకరించెడిది?

మొదటిది ద్విభాషాచిత్రముల సామగ్రి. విజయావారు 'పెళ్ళిచేసి చూడు', 'మిస్సమ్మ', 'మాయాబజార్' చిత్రములను తెలుగున తీయుచునే తమిళమునను తీసిరి. అదే గోడ, అదే దీపము. మాట వేఱు, కొన్నిచోట్ల మనిషియు వేఱు. 'మిస్సమ్మ'లో ఎన్.టి. రామారావు వేషము తమిళమున జెమినీ గణేశన్‌ది. సావిత్రి మాత్రము రెంట నొక్కతెయే. 'మాయాబజార్'లో అభిమన్యుడు తెలుగున అక్కినేని నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్. శకుని తెలుగున సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, తమిళమున నంబియార్. ఘటోత్కచుడు ఇరుచోట్ల ఎస్.వి. రంగారావే. ఒకే నటుడు ఒకే సెట్టులో, ఒకే కథను రెండు భాషల పలికినప్పుడు విరామము ఎచ్చట మాఱినది, నవ్వు ఎచ్చట వచ్చినది, చేయి ఎప్పుడు లేచినది? భాషకును అభినయమునకును గల సంబంధమును విచారించువానికి ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు. పింగళి నాగేంద్రరావుగారు కల్పించిన మాటలు, అసమదీయ తసమదీయాదులు, తెలుగు వ్యాకరణముతో ఆడిన ఆటలు. ఆ ఆట తమిళమున నిలిచినదా, మఱియొక ఆటగా మాఱినదా యన్నది రెండు సంభాషణప్రతులును, వానిపై దిద్దుబాట్లును కనులయెదుట నున్నగాని తేలదు. తెఱమీది మాట వినుట చాలదు. కొట్టివేసిన మాట చదువవలయును. 'మిస్సమ్మ' వేషమునకు మొదట భానుమతి ఏర్పడి, కొంత చిత్రణ జరిగిన పిమ్మట సావిత్రి వచ్చినదన్న సంగతి యెల్లరెఱిగినదే. ఆ తొలి రీళ్ళు ఉండియుండిన! పరిష్కర్తకు అంతటి పాఠాంతరము ఏ ప్రబంధములోనైన దొరకినదా?

రెండవది వెన్నెల. ఇది వినోదమునకు అనుమాట కాదు. అష్టాదశవర్ణనలలో చంద్రోదయ మొకటి. మన ప్రబంధకవులు దానికై పడిన పాట్లు మనకు తెలియును. 'మాయాబజార్'లో నౌకావిహారమున కనబడు వెన్నెల మార్కస్ బార్‌ట్లే కెమెరాతోను విద్యుద్దీపములతోను చేసిన వర్ణన. చూచినవారెల్ల మెచ్చిరి, ఎట్లు చేసిరో చెప్పగలవారు అరుదైరి. ఏ దీపము ఎంత యెత్తున నుంచిరి, దానికి ఏ తెర కట్టిరి, ఏ ఫిల్ము వాడిరి, ఎన్నిమాఱులు చెడినది - ఇవి యొక నోటుపుస్తకములో రెండు పుటల పట్టు. ఆ రెండు పుటలు నలువది కార్లకంటె విలువైనవని నేననుట అతిశయోక్తి కాదు. కవి సమాసమును విడదీసి చూపు వ్యాఖ్యాత యెంత యవసరమో, దీపమును విడదీసి చూపు పట్టికయు అంత యవసరము.

మూడవది కట్టడములు. 'మల్లీశ్వరి'కి కళాదర్శకుడు ఎ.కె. శేఖర్. బుచ్చిబాబుగారి 'రాయలవారి కరుణకృత్యము' ఆ కథకు మూలములలో నొకటి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. నాటికనుండి చిత్రకథకు, చిత్రకథనుండి సెట్టునకు రాయలకాలము ఎట్లు ప్రయాణము చేసినది? రాయలసీమవాడైన దర్శకుని మనస్సులోని విజయనగరమును, హంపిలో నేడు కనబడు శిథిలములను, వడపళనిలో కొయ్యతోను సున్నముతోను లేచిన వీథులను పోల్చి చూచుటకు శేఖర్ గీసిన పటములు కావలయును. పటములు లేక మనము చేయు పోలిక ఊహయే. 'పాతాళభైరవి'లోని మహావిగ్రహమునకు మాధవపెద్ది గోఖలే, కళాధర్ పేరులు తెఱమీద కనబడును. వారి గీతలను చూచి కొయ్య కోసినవాని పేరు, మట్టితో అచ్చు తీసినవాని పేరు కనబడవు. తాళపత్రమున లేఖకుడు తన తప్పులు క్షమింపుడని వేడుకొని పేరు వ్రాసికొనెడివాడు. స్టూడియో వడ్రంగికి ఆ పంక్తియు దక్కలేదు.

మూలసామగ్రి లేనిచోట ఏమి జరుగునో 'మాయాబజార్'యే చూపినది. 2010లో ఆ చిత్రమునకు రంగులు దిద్ది, ధ్వనిని మార్చి, నిడివి కొంత కుదించి మరల విడుదల చేసిరి. జనులు విరగబడి చూచిరి, అందు తప్పులేదు. ఒక తరము పిల్లలు ఆ ప్రతి మూలముననే చిత్రము నెఱిగిరి. కాని పరిశోధకునకు అది పరిష్కృతప్రతి కాదు, సంస్కృతప్రతి. తనకు నచ్చని పద్యములు తీసివేసి, విఱిగిన గణములు తానే పూరించి, ఏది పూరించెనో చెప్పక అచ్చొత్తించిన పండితుని పని వంటిది. శశిరేఖ చీర రంగు ఏదని విద్యార్థి యడిగిన ఏమి చెప్పుదుము? బార్‌ట్లే ఆ చీరను బూడిదరంగు ఛాయలలో ఎట్లు కనబడునో చూచి యెన్నుకొని యుండును. రంగు దిద్దినవారు తమ యిష్టము ననుసరించి యుందురు. దుస్తుల పట్టిక యొకటి, ఒక గుడ్డముక్క యొకటి మిగిలియుండిన చర్చ తీరెడిది. ఇట్టి పనికే ప్రదర్శనశాల కావలయును.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చును, అది బలమైనదే. స్టూడియో వర్తకము, లాభము లేనప్పుడు మూయక తప్పదు. వైద్యశాలను నాగిరెడ్డిగారే 1972లో స్థాపించిరి. రోగులకు మంచములు వేసిన స్థలమును చూచి, ఇచ్చట సెట్టు లేదే యని వగచుట మానవత్వమా? కాదు. నేలనుగుఱించి నాకు దుఃఖము లేదు. నేల పోయినప్పుడు పటములు, కాగితములు, పేరులు ఎవరు లెక్కవ్రాసిరన్నదే ప్రశ్న. ఆ లెక్క వ్రాయుట కుటుంబమువారి విధి మాత్రమే కాదు. కృష్ణశాస్త్రి, పింగళి, పాలగుమ్మి పద్మరాజు ఆ ఆవరణలో కూర్చుండి తెలుగు వ్రాయుచున్న దినములలో, విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు సినిమా మాట యెత్తిన ముఖము త్రిప్పుకొనెడివి. పద్మరాజుగారి కథలకు పాఠ్యస్థానమిచ్చితిమి. ఆయన మాటలు వ్రాసిన 'బంగారుపాప' ఒక ఆంగ్లనవలనుండి తెలుగుపల్లెకు ఎట్లు తరలివచ్చెనో విచారింపలేదు. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జులైలో ప్రారంభించిన 'చందమామ'కును విజయా చిత్రముల కథనమునకును గల పోలికలు కనులెదుటనే యున్నవి. వానిపైనను తగినంత పని జరుగలేదు. వాహినీ లేఖకశాల చెదరిపోవుటలో మన పాలు మనము ఒప్పుకొనవలయును.

కడపలో బ్రౌన్ దొర బంగళా కథ ఇచ్చట గుర్తుకు వచ్చును. ఆయన ఆ యింట జూలూరి అప్పయ్య మున్నగు పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలుప్రతులు తెప్పించి, పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఇల్లు శిథిలమైనది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన ఆ స్థలముననే గ్రంథాలయము లేచి, నేడు భాషాపరిశోధన కేంద్రముగ యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరియున్నది. గోడలు పోయినను పని తిరిగి ఆ చోటికి వచ్చినది. వడపళనిలో అట్టిది నేడు సాధ్యము కాకపోవచ్చును. కాని చిత్రము స్టూడియోలో మాత్రమే బ్రదుకదు. అది ఊళ్ళకు వచ్చును. వచ్చిన ఊళ్ళలో దాని జాడలు వెదకుట మన చేతనున్న పని.

ఆ పనికి మనకు దేశీయమైన పద్ధతియు కలదు. కర్నల్ మెకంజీ కొఱకు కావలి సోదరులు మున్నగువారు మన గ్రామముల కైఫీయతులు సేకరించిరి. కరణమును, ముసలివారిని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనిరి. నిజమును, కట్టుకథయు కలిసినవి. ఐనను నేటి చరిత్రకారుడు వానిని విడువజాలకున్నాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడు ఊళ్ళకును సినిమా కైఫీయతులు వ్రాయవలయును. టూరింగు టాకీసు ఏ మైదానమున డేరా వేసినది? హాలు ఎప్పుడు కట్టిరి, ఎప్పుడు కల్యాణమండపమైనది? ఆటకు ముందు అమ్మిన పాటల పుస్తకములు ఏ యింటి అటకమీద నున్నవి? ఆ పుస్తకములను చిన్నచూపు చూడరాదు. అందు కథాసంగ్రహ ముండును, పాటల పాఠ ముండును; విడుదలకు ముందే అచ్చుపడినవగుటచే తెఱమీద లేని పాటయు, మాఱిన మాటయు వానిలో దొరకు నవకాశము కలదు. ప్రొద్దుటూరి బట్టల దుకాణములలో ఏ చిత్రము పేరిట ఏ చీర అమ్మిరో అడిగినను చాలును. శశిరేఖ చీర చర్చకు ఒక మూల సమాధానము దొరకవచ్చును. సింహాద్రిపురమున పుట్టి నటుడును నిర్మాతయు నైన పద్మనాభమునుగుఱించి ఆ యూరివారు చెప్పుకొను మాటలు, కొత్తపల్లెలో బి.ఎన్. రెడ్డి బంధువర్గము చెప్పుకొను మాటలు వేఱువేఱుగ, ఒకదానితో నొకటి సరిపుచ్చక, వ్రాసికొనవలయును.

ముందుగా కలిసికొనవలసినవారు హాళ్ళలో యంత్రము త్రిప్పిన ఆపరేటర్లు. రీళ్ళు పోయి సంఖ్యారూపమున చిత్రము వచ్చిన పిమ్మట వారికి పని లేదు, పెక్కురు వృద్ధులైరి. తెగిన ఫిల్మును అతికినవారు వారు. అతుకులో ఎన్ని చట్రములు పోయినవో, ఏ పాటవద్ద రీలు తఱచుగా తెగెడిదో, ఏ దృశ్యమును హాలు యజమాని కోయించెనో వారికే తెలియును. మన ఊళ్ళలో జనులు చూచిన 'మాయాబజార్' పాఠము వారి చేతులలో తయారైనదే. వారిని అడుగవలసిన మొదటి ప్రశ్న చిన్నది: చెన్నపట్నమునుండి వచ్చిన రీళ్ళపెట్టె ఎఱ్ఱగుంట్లలో దిగెడిదా, ముద్దనూరిలో దిగెడిదా, అచ్చటినుండి బస్సు మీద వచ్చెడిదా, జట్కాలో వచ్చెడిదా, పెట్టె మూతమీద ఎవరి పేరు వ్రాసియుండెడిది?